ఆరు నెలల లెక్క ఎవరు పెట్టారు?

ఈ మధ్య ఏ సత్యనారాయణ వ్రతానికెళ్ళినా, ఏ బర్త్‌డే పార్టీకెళ్ళినా కంపెనీ ద్వారా కొత్తగా అమెరికా గ్రీన్‌కార్డ్ వచ్చినవాళ్ళు ఒక్కటే అడుగుతున్నారు, ఇప్పుడు ఆ కంపెనీ వదిలి జాబ్ మారొచ్చా, ఎన్నాళ్ళు ఆగాలి అని. ఒకాయన ఆరు నెలలంటాడు, ఇంకొకాయన ఏడాదంటాడు, మా బావగారి లాయరు రెండేళ్ళు కదలొద్దన్నాడని మూడో ఆయన. నేను లాయర్ని కాదు గానీ ఇన్నేళ్ళ క్యూలో ఈ రూల్స్ చదివీ చదివీ కొంత ఒంటబట్టింది, ఇన్ని రోజులు పనిచెయ్యాలని చట్టంలో ఎక్కడా లేదు.

ఉన్నదల్లా ఉద్దేశం. ఈ పోస్ట్‌లోకి ఈ మనిషిని పర్మనెంట్‌గా తీసుకుంటాం అని కంపెనీ అంటుంది, చేస్తాను అని మనం అంటాం, కార్డ్ అప్రూవ్ అయ్యే రోజుకి ఆ రెండు మాటలూ నిజమై ఉండాలి, అంతే. ఆ తర్వాత కొన్నాళ్ళు అక్కడే పనిచేస్తే ఆ మాట నిజమేనని చూపించుకోవడం తేలిక, అందుకని లాయర్లు జాగ్రత్త కోసం చెప్పిన నెలలే నోటా నోటా తిరిగి మనవాళ్ళ దగ్గరకొచ్చేసరికి రూలైపోయాయి.

అసలు చాలామంది మర్చిపోయేది ఏంటంటే, ఐ-485 (గ్రీన్‌కార్డ్ కోసం మనం వేసే చివరి దరఖాస్తు) వేసి, అది పెండింగ్‌లో ఉండగా 180 రోజులు దాటితే అదే రకం పనిలోకి వేరే కంపెనీకి మారొచ్చని 2000లోనే చట్టం వచ్చింది, ఏసీ21 అంటారు. కొత్త కంపెనీ చేత సప్లిమెంట్ జె అనే ఫారం మీద సంతకం పెట్టించి పంపాలి. 2020 అక్టోబర్‌లో ఈబీ3 (డిగ్రీ స్థాయి ఉద్యోగాల క్యూ) ఇండియా ఫైలింగ్ డేట్, అంటే 485 వెయ్యడానికి వంతు వచ్చిన తేదీ, 2015 జనవరికి దూకినప్పుడు మనలో ఎంతమంది ఈబీ2 (మాస్టర్స్ స్థాయి క్యూ) నుంచి అందులోకి డౌన్‌గ్రేడ్ చేసుకుని, బర్త్ సర్టిఫికెట్ కోసం ఊళ్ళో నాన్నగారిని మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిప్పారో గుర్తుందా? వాళ్ళలో చాలామందికి కార్డ్ చేతికి రాకముందే మారే హక్కు వచ్చేసింది. అప్పుడు భయపడి మారలేదు సరే, కార్డ్ వచ్చాక కూడా అదే సీట్లో కూర్చుని నెలలు లెక్కపెట్టుకుంటుంటే ఏమనాలి.

ఆ భయం ఎక్కడ్నించి వచ్చిందో నాకు తెలియక కాదు. ఉద్యోగాల కోటాలో ఏడాదికి 1,40,000 వీసాలు, ఒక్కో దేశానికి 7 శాతం, ఇండియా ఎంత పెద్దదైనా అంతే. హెచ్‌1బి (తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద ఉండగా లేఆఫ్ అయితే 60 రోజుల్లో ఏదో ఒకటి చూసుకోవాలి, లేదంటే పిల్లల స్కూలు, ఇంటి లోను అన్నీ వదిలి బయల్దేరాలి. 2022లో ఈబీ2 డేట్ 2014 డిసెంబర్ దాకా వచ్చి, ఆర్నెల్లు తిరక్కుండానే మళ్ళీ 2011కి పోయింది. ఇదంతా చూసినవాళ్ళకి కార్డ్ చేతికొచ్చినా ఇంకా ఎవరో వెనక్కి లాక్కుంటారేమో అనిపించడం సహజమే.

కానీ "కంపెనీ మనకి ఇంత చేసింది కదండీ" అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. ప్రమోషన్ తీసుకుంటే జాబ్ డిస్క్రిప్షన్ మారి పెర్మ్ (ఆ పనికి అమెరికాలో మనిషి దొరకలేదని కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర తెచ్చే సర్టిఫికెట్) మళ్ళీ మొదట్నించీ చెయ్యాలంటారేమోనని వద్దనుకున్నవాళ్ళు మన మధ్య ఎంతమంది లేరు, తన కింద ట్రైనింగ్ తీసుకున్న కుర్రాడికే రిపోర్ట్ చేస్తూ ఏళ్ళు గడిపినవాళ్ళూ ఉన్నారు. ఆ బాకీ ఎప్పుడో తీరిపోయింది.

జాగ్రత్త పడాల్సినవాళ్ళు లేకపోలేదు. తాము ఎన్నడూ పనిచెయ్యని కన్సల్టెన్సీ ద్వారా ఫ్యూచర్ జాబ్ అని ఫైల్ చేయించుకుని, కార్డ్ వచ్చాక ఆ గుమ్మం కూడా తొక్కకపోతే అది వేరే కథ. పైన చెప్పిన 180 రోజుల రూల్ కింద మారడం (485 పోర్టింగ్) ఏమీ లేకుండా, కార్డ్ అప్రూవ్ అయిన తేదీకంటే ముందే వేరే కంపెనీ ఆఫర్ మీద సంతకం పెట్టేసి ఉంటే ఆ కాగితమే మీకు ఎదురు సాక్ష్యం. సిటిజన్‌షిప్‌కి ఎన్-400 ఫారం నింపేటప్పుడు గత ఐదేళ్ళ ఉద్యోగాలు రాయాలి, ఆఫీసర్‌కి పాత ఫైలు మళ్ళీ తిరగేసే అధికారం ఉంది. అందుకే పే స్టబ్‌లు, డబ్ల్యూ2లు (ఏడాది జీతం లెక్క కాగితాలు), రిజైన్ చేసిన మెయిలు, ఎందుకు మారారో చెప్పే కాగితం ఏదుంటే అది దాచుకోండి. కంపెనీయే తీసేస్తే ఇంత ఆలోచన కూడా అక్కర్లేదు, ఆ లేఆఫ్ లెటర్ ఒక్కటి జాగ్రత్త చెయ్యండి. కార్డ్ వచ్చిన వారానికే బిర్యానీ హోటల్ పెడదామనుకునేవాళ్ళు మాత్రం ముందు లాయర్‌తో ఒక గంట కూర్చోండి (హోటల్ సంగతి ఎలాగూ ఇంట్లో ఒప్పుకోరనుకోండి).

ఇంకోటి, కొన్ని కన్సల్టెన్సీలు మారతానంటే చాలు "గ్రీన్‌కార్డ్ ఖర్చులు" అని వేల డాలర్ల బిల్లు పంపుతాయి. 2007 జులై నుంచి పెర్మ్‌కి అయిన లాయర్ ఫీజు, ప్రకటనల ఖర్చు ఎంప్లాయరే పెట్టుకోవాలి, తర్వాత మన దగ్గర వసూలు చెయ్యకూడదు. ఐ-140 (పెర్మ్ తర్వాత కంపెనీ మన కోసం వేసే పిటిషన్), 485 ఖర్చులు వేరు, వాటికి మీరు అగ్రిమెంట్ రాసిచ్చి ఉంటే చూసుకోవాల్సిందే. కాబట్టి బిల్లొస్తే వెంటనే చెక్కు రాయకుండా, ఏ స్టేజ్‌కి ఎంతయిందో విడివిడిగా రాసి పంపమని మెయిల్ పెట్టండి. మాకు తెలిసినావిడ ఒకరు అలాగే పెట్టారు, ఆ తర్వాత వాళ్ళు ఆ బిల్లు ఊసే ఎత్తలేదట.