వేగం 20 పెరిగితే, శక్తి 44 శాతం

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై వేగ పరిమితిని 2023లో గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి పెంచారు. పెరిగింది ఐదో వంతే కదా అనిపిస్తుంది. కానీ కారు గతిజ శక్తి, అంటే కదలిక వల్ల దానికుండే శక్తి, 44 శాతం పెరిగింది. ప్రాణాలు ఆధారపడేది ఈ రెండో అంకె మీదే.

సూత్రం బడిలో చదువుకున్నదే: ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. తప్పులు దొర్లేది ప్రమాణాల దగ్గర. స్పీడోమీటర్ గంటకు కిలోమీటర్లు చూపిస్తుంది, సూత్రానికి సెకనుకు మీటర్లు కావాలి. అందుకే ముందు 3.6తో భాగించాలి. అది మరిచి 120నే వేస్తే జవాబు 13 రెట్లు ఎక్కువొస్తుంది. ఇక బరువు. బ్రోచర్‌లో రాసేది ఖాళీ కారు బరువు. 1,150 కిలోల కారులో ఐదుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెడితే 1,500 కిలోలకు చేరుతుంది.

ఈ కారుకు 100 దగ్గర వేగం సెకనుకు 27.8 మీటర్లు, శక్తి 579 కిలోజౌళ్లు. 120 దగ్గర 33.3 మీటర్లు, 833 కిలోజౌళ్లు. పద్దెనిమిది అంతస్తుల మేడ మీది నుంచి పడ్డ వస్తువు నేలను తాకేది దాదాపు ఈ వేగంతోనే.

ఇప్పుడు ఎదురుగా, 98 మీటర్ల దూరంలో, చెడిపోయి ఆగిన లారీ ఉందనుకోండి. పొడి రోడ్డు, ఘర్షణ గుణకం (రోడ్డు మీద టైర్ల పట్టును చెప్పే అంకె) 0.7. డ్రైవర్ చూసి బ్రేకు తొక్కడానికి సెకనున్నర పడుతుంది. 100తో వచ్చే కారు ఆ లోపే 42 మీటర్లు దాటి, బ్రేకుల మీద మరో 56 మీటర్లు జారి, సరిగ్గా లారీ వెనకాల ఆగుతుంది. 120తో వచ్చే కారు అదే చోట ఇంకా 77 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అంత వేగంతో లారీ కిందికి దూరితే ఎయిర్‌బ్యాగ్ కూడా కాపాడలేదు, ఎందుకంటే లారీ వెనక అంచు నేరుగా అద్దాన్నే తాకుతుంది.

దీనికి బదులుగా దక్కేదేమిటి? 30 కిలోమీటర్ల ప్రయాణంలో మూడు నిమిషాలు.

వాన పడితే గుణకం 0.4కి పడిపోవచ్చు. అప్పుడు 120 దగ్గర ఆగే దూరం 192 మీటర్లు. 80కి తగ్గిస్తే 96 మీటర్లు, అంటే దాదాపు పొడి రోడ్డు మీద 100తో వెళ్లినప్పటి దూరమే. ఫ్రాన్స్ మోటార్‌వేలపై పరిమితి మామూలుగా 130, వానలో 110. మన ఔటర్ మీద కూడా 120 పక్కనే వానకు 80 అని రాసి పెట్టాలి.