లైబ్రరీ కట్టడానికి డబ్బిచ్చాం, తలుపు ఎవరు తీస్తారని అడిగామా?

డిసెంబర్ 10 దగ్గరపడిందంటే మా కాలిఫోర్నియా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకటే గోల. ప్రాపర్టీ టాక్స్ మొదటి వాయిదా కట్టాలి కదా. ఈసారి ఒకాయన బిల్లు ఫోటో తీసి, లైబ్రరీ బాండ్ అని ఉన్న లైను చుట్టూ ఎర్రగా గీసి, "ఇదేంటండీ, లైబ్రరీకి కూడా మనమే కట్టాలా?" అని అడిగారు. పది నిమిషాల్లో ముప్ఫై మెసేజ్‌లు. పన్నులతో చంపేస్తున్నారని కొందరు, పిల్లల కోసం ఆ మాత్రం కడితే ఏం పోయిందని కొందరు. కట్టిన డబ్బు ఏమైందని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు నిజంగా బాధేసింది. అందుకే ఇంత పొడుగు పోస్ట్ పెడుతున్నాను, ఓపిగ్గా చదవండి.

కాలిఫోర్నియాలో ఒక ఊరు తన పేటల్లో లైబ్రరీలు కట్టుకోవాలంటే ఎక్కువగా బాండ్ల మీద అప్పు తెస్తుంది. ఇంటి పన్నుతో తీర్చే ఇలాంటి అప్పుకి ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది సరే అనాలి. అన్నాక అసలూ వడ్డీ కలిపి ఏళ్ళ తరబడి మన బిల్లులో వస్తూనే ఉంటాయి. 2000 నవంబర్ ఎన్నికల్లో శాన్ ఫ్రాన్సిస్కో ఓటర్లు 105.9 మిలియన్ డాలర్లకు ఇలాగే ఒప్పుకున్నారు. అదే రోజు శాన్ హోసే ఓటర్లు దాదాపు 212 మిలియన్లకు ఒప్పుకున్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు. మా పేటకి ఒక లైబ్రరీ కావాలని జనం ఇష్టపడి నెత్తికెత్తుకున్న అప్పు అది.

శాన్ ఫ్రాన్సిస్కోలో పని 24 లైబ్రరీలది. మొదటి అంచనా సరిపోలేదు. నిర్మాణం ఖర్చులు పెరిగాయి, 2007లో మళ్ళీ ఓటర్ల దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. చివరిదైన నార్త్ బీచ్ లైబ్రరీ తెరిచేసరికి 2014. బాండ్‌కి ఓటేసినప్పుడు నాలుగేళ్ళున్న పాపకి అప్పటికి పదిహేడు దాటుంటాయి. భూకంపాల నేల మీద పాత భవనాలను గట్టిపరచడం తేలిక కాదు, అది ఒప్పుకుంటాను. కానీ ఆలస్యం ఎందుకైందో, ఏ పని ఎంత పెరిగిందో జనానికి ఎప్పటికప్పుడు తెలియాలా వద్దా? అక్కడ 2002లో ఓటర్లే బాండ్ల మీద కన్నేసి ఉంచడానికి తొమ్మిది మంది పౌరులతో ఒక కమిటీ కావాలని ఓటేసి పెట్టుకున్నారు. మంచి పని చేశారు.

నన్ను ఇంకా కలవరపెట్టేది శాన్ హోసే కథ. ఆ డబ్బుతో కొత్తవి కట్టారు, పాతవి పెంచారు. అన్నీ చక్కటి భవనాలు. కానీ అందులో నాలుగు, సెవెన్ ట్రీస్, బాస్కమ్, ఎడ్యుకేషనల్ పార్క్, కలబాసస్, 2013 దాకా తెరుచుకోలేదు. సిబ్బందికి జీతాలివ్వడానికి ఊరి దగ్గర డబ్బు లేదు. బాండ్ డబ్బు భవనానికే వాడాలి, జీతాలకి వాడకూడదని రాష్ట్ర చట్టం. జీతాలు ఊరి మామూలు బడ్జెట్ నుంచి రావాలి. 2008 మాంద్యంలో ఆ బడ్జెట్ కుప్పకూలింది. కట్టినందుకు పన్ను కడుతూ, గాజు తలుపుకి వేసిన తాళాన్ని రోడ్డు మీద నుంచి చూసిన వాళ్ళ గురించి ఆలోచించండి.

లెక్క చూసేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే. బాండ్ డబ్బు బాండ్ పనికే పెట్టారా అని. అవును, పెట్టారు. రసీదులన్నీ సరిగ్గానే ఉండొచ్చు. దానివల్ల పుస్తకం పిల్లల చేతికి రాదు కదా! కాంట్రాక్టు సంతకం కాకముందే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఇది పూర్తయిన రోజున లైబ్రేరియన్ జీతం ఏ ఖాతాలోంచి వస్తుంది? ఆ జవాబు కాగితం మీద లేకుండా శంకుస్థాపన చెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం.

మా ఊరి సంగతి చెప్తాను. కిందటేడు ఓ సాయంత్రం మా లైబ్రరీ బాండ్ కమిటీ మీటింగ్‌కి వెళ్ళాను. కుర్చీలు నలభై, జనం ఇద్దరం. ఇంకొకావిడ రిటైరైన టీచర్. అంతకుముందు మూడు నెలల రిపోర్టు, ఈ మూడు నెలలది, రెండూ ప్రింట్ తీసుకొచ్చి ఒళ్ళో పక్కపక్కన పెట్టుకున్నారు. ఒక్కో లైన్ మీద స్కేలు పెట్టి కిందికి జరుపుతున్నారు. స్కేలు ఒకచోట ఆగింది. పిల్లల గదిలో గోడకి బిగించాల్సిన అరలు పాత రిపోర్టులో ఉన్నాయి, కొత్తదాంట్లో లేవు. తవ్వేటప్పుడు పాత పైపు ఏదో బయటపడి చేంజ్ ఆర్డర్, అంటే కాంట్రాక్టులో లేని అదనపు పని, వచ్చిందట, ఆ ఖర్చు సర్దడానికి అరలని "రెండో దశ"కి నెట్టారు. ఆవిడ లేచి, "రెండో దశకి డబ్బుందా?" అని అడిగారు. అధికారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాతపూర్వకంగా జవాబివ్వమని కమిటీ అడిగింది. మూడు నెలల తర్వాత రిపోర్టులో అరలు తిరిగొచ్చాయి. ఒక స్కేలు, ఒక ప్రశ్న, అంతే. ఆవిడ రాకపోయుంటే ఆ గదిలో ఈరోజు ఖాళీ గోడలుండేవి.

"మాకు ఓటు లేదుగా, హెచ్1బీ మీద ఉన్నాం" అంటారు మనవాళ్ళు. ఓటు లేకపోయినా ఇల్లుంటే పన్ను కడుతున్నాం, అద్దెకున్నా పిల్లల్ని తీసుకెళ్ళేది ఆ లైబ్రరీకే. కాలిఫోర్నియాలో ప్రభుత్వ మీటింగులు జనానికి తెరిచి ఉండాలని చెప్పే 1953 నాటి బ్రౌన్ యాక్ట్ ప్రకారం మామూలు మీటింగ్ అజెండా 72 గంటల ముందే బయట పెట్టాలి, వచ్చిన ఎవరికైనా మాట్లాడే అవకాశమివ్వాలి. పౌరసత్వం అడగరు. పేరు చెప్పి తీరాలని కూడా లేదు. దొరికేది రెండు మూడు నిమిషాలే, అది చాలు.

ఇండియాలో మా ఊళ్ళో అమ్మ ఇంటి పన్ను రసీదు చూసినప్పుడూ ఇదే అనిపించింది. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక లైనుంటుంది, ఇంటి పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. 1960 గ్రంథాలయాల చట్టం నాటి నుంచి మనం కడుతున్న సెస్సు ఇది. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. చాలా చోట్ల బకాయిలు పేరుకుపోయాయని పేపర్లో వార్తలు వస్తూనే ఉంటాయి. మా శాఖా గ్రంథాలయంలో దినపత్రికలు తప్ప కొత్త పుస్తకం కనపడలేదు. పోటీ పరీక్షలకి చదివే పిల్లలు మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నారు. వీళ్ళ కోసం అమ్మ కట్టిన ఎనిమిది పైసలు ఎక్కడ ఆగాయి? వాళ్ళ మున్సిపాలిటీ నుంచి ఎంత జమైందో సమాచార హక్కు చట్టం కింద అడగమని మా తమ్ముడికి చెప్పాను. దరఖాస్తు పెట్టాడు. జవాబు రాగానే ఇక్కడే పోస్ట్ చేస్తాను.

మా కమిటీ మీటింగ్ వచ్చే గురువారం సాయంత్రం ఆరింటికి. కిందటి మూడు నెలల రిపోర్టు, ఈ మూడు నెలలది, రెండూ ప్రింట్ తీశాను, స్కేలు కూడా కొన్నాను. నా ప్రశ్న జీతాల ఖాతా గురించే. కార్లో ఇంకా మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి, వచ్చేవాళ్ళు కామెంట్ పెట్టండి, ఇంటి దగ్గర ఎక్కించుకుంటాను.