వార్డు హద్దులు గీసేది ఎవరు?

కర్ణాటకలో జిల్లా, తాలూకా పంచాయతీలకు జనం చివరిసారి ఓటు వేసింది 2016 ఫిబ్రవరిలో. అప్పుడు గెలిచినవాళ్ల అయిదేళ్ల గడువు 2021లో తీరిపోయింది. ఆ తర్వాత జిల్లా, తాలూకా పంచాయతీల పాలన అధికారుల చేతుల్లోకి వెళ్లింది. 2016 తర్వాత పద్దెనిమిదేళ్లు నిండిన బాగేపల్లి, శ్రీనివాసపుర, ముళబాగిలు, పావగడ యువతీయువకుల్లో ఒక్కరికి కూడా తమ జిల్లా పంచాయతీ సభ్యుణ్ణి ఎన్నుకునే అవకాశం రాలేదు. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్లలో చాలామందికి ఓటు ఇంకా ఆ ఊళ్లలోనే ఉంది. అందుకే ఈ విషయం మన పాఠకుల ఇంటి విషయం.

పంచాయతీ ఎన్నికల్లో రాజకీయ జోక్యం అనగానే అందరికీ గుర్తొచ్చేది డబ్బు, మందు, బెదిరింపులు. అవన్నీ ఉన్న మాట నిజమే. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీలకు అతీతంగా జరగాలని ఇక్కడి చట్టం చెబుతుంది. బ్యాలెట్ మీద పార్టీ గుర్తు ఉండదు. కానీ అభ్యర్థిని ఎంపిక చేసేది, ఖర్చు పెట్టేది, నామినేషన్ వెనక్కి తీయించేది పార్టీ నాయకులే. 2020 డిసెంబరు ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజున ప్రతి పార్టీ తమ మద్దతుదారులు ఇన్ని వేల మంది గెలిచారని లెక్కలు చెప్పుకుంది. అప్పుడే బళ్ళారి జిల్లాతో సహా కొన్నిచోట్ల ఊరి పెద్దలు వార్డు స్థానాలను వేలం వేశారన్న వార్తలు వచ్చాయి. గుడికి డబ్బు వస్తుంది, గొడవలు ఉండవు అని సమర్థించుకున్నవాళ్లూ ఉన్నారు. ఏకగ్రీవం అనే పేరు పెట్టి పేదవాడి పోటీ హక్కును అమ్ముకోవడాన్ని మేము ఏ రకంగానూ ఒప్పుకోం.

అయితే ఇవన్నీ కళ్లకు కనిపించే జోక్యాలు. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తారు, పోలీసులు కేసు పెడతారు. పోలింగ్‌కు ఏళ్ల ముందే, విధాన సౌధలో, ఫైళ్ల మీద జరిగే జోక్యం వేరే ఉంది. ఏ ఊరు ఏ నియోజకవర్గంలోకి వెళ్లాలి, ఏ స్థానం ఎవరికి రిజర్వు కావాలి, ఎన్నిక ఎప్పుడు జరగాలి. ఈ మూడూ అధికార పార్టీ చేతిలో ఉంటే బూత్ దగ్గర రౌడీల అవసరమే రాదు. గట్టిగా ఎదిగే ప్రత్యర్థి ఊరిని రెండు ముక్కలు చేసి చెరో పక్క కలపొచ్చు. అతను నిలబడాల్సిన స్థానాన్ని మరో వర్గానికి మార్చొచ్చు. ఏమీ కుదరకపోతే ఎన్నికనే ఆపేయొచ్చు.

2021లో సరిగ్గా ఇదే జరిగింది. రాష్ట్ర ఎన్నికల సంఘం జిల్లా, తాలూకా పంచాయతీల హద్దుల పని ముగించి, రిజర్వేషన్ల ముసాయిదా దాకా వచ్చింది. ఆ దశలో అప్పటి భాజపా ప్రభుత్వం గ్రామ స్వరాజ్, పంచాయత్ రాజ్ చట్టాన్ని సవరించింది. హద్దులు గీసే అధికారాన్ని ఎన్నికల సంఘం నుంచి తీసేసి, తాను నియమించిన పునర్విభజన కమిషన్‌కు అప్పగించింది. చేసిన పనంతా పక్కనపడింది. తన అధికారాన్ని కాపాడుకోవడానికి రాజ్యాంగబద్ధమైన ఎన్నికల సంఘమే హైకోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. గడువు మీద గడువు అడుగుతున్న ప్రభుత్వానికి 2022 డిసెంబరులో హైకోర్టు 5 లక్షల రూపాయల ఖర్చులు కూడా విధించింది. 2023 మేలో ప్రభుత్వం మారింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఈ ఆలస్యాన్ని తప్పుపట్టిన కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది. ఎన్నికలు మాత్రం రాలేదు.

పార్టీలు మారినా పద్ధతి మారకపోవడానికి కారణం కష్టమైనదేమీ కాదు. తాలూకా మొత్తంలో తానొక్కడే ప్రజాప్రతినిధిగా ఉండటం ఏ ఎమ్మెల్యేకైనా హాయిగానే ఉంటుంది. బోరు ఎక్కడ వేయాలి, రోడ్డు ఏ ఊరికి పోవాలి, కాంట్రాక్టు ఎవరికి దక్కాలి అన్నది తన మాట మీదే నడుస్తుంది. జిల్లా పంచాయతీ సభ్యుడు ఉంటే సమావేశంలో లేచి అడుగుతాడు. బాగా పనిచేస్తే వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో టికెట్ కూడా అడుగుతాడు. ఈ భయం అన్ని పార్టీల్లోనూ ఒకటే. రాజధానిలోనూ ఇదే కథ. బృహత్ బెంగళూరు మహానగర పాలికె కార్పొరేటర్ల గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. వార్డుల సంఖ్య మారింది, చివరికి నగరాన్ని అయిదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. అయిదేళ్లు దాటినా కార్పొరేటర్ లేని వార్డుల్లోనే మనం పన్ను కట్టాం.

ఇక కోర్టుల సంగతి. రాజ్యాంగంలోని 243-ఈ అధికరణం ప్రకారం పంచాయతీ గడువు అయిదేళ్లు, అంతకు మించదు. ఆ గడువు ముగిసేలోపే కొత్త ఎన్నిక పూర్తి కావాలి. హద్దులు తేలలేదనో జాబితా సిద్ధం కాలేదనో వాయిదా వేయడానికి వీల్లేదని కిషన్ సింగ్ తోమర్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2022 మేలో సురేశ్ మహాజన్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. పునర్విభజన పూర్తి కాకపోయినా ఉన్న హద్దులతోనే ఎన్నికలు పెట్టాలని మధ్యప్రదేశ్‌ను ఆదేశిస్తూ, ఆ మాట అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుందని స్పష్టం చేసింది. 2021 మార్చిలో గోవా కేసులో, ప్రభుత్వ కొలువులో ఉన్న అధికారికి ఎన్నికల కమిషనర్ బాధ్యత అప్పగించడం చెల్లదని తేల్చింది.

తీర్పులు ఇంత స్పష్టంగా ఉన్నా సామాన్య ఓటరుకు న్యాయం ఎందుకు అందడం లేదు? 243-ఓ అధికరణం ఎన్నికల వ్యవహారాల్లో కోర్టుల జోక్యానికి అడ్డుకట్ట వేస్తుంది. పోలింగ్‌ను ఎవరు పడితే వాళ్లు స్టేలతో ఆపకుండా పెట్టిన మంచి నిబంధన అది. దాన్ని ప్రభుత్వాలు తమకు అనుకూలంగా వాడుకుంటున్నాయి. నోటిఫికేషన్‌కు ముందు కోర్టుకు వెళితే, కసరత్తు జరుగుతోంది, ఇప్పుడే తొందరెందుకు అంటారు. నోటిఫికేషన్ వచ్చాక వెళితే, ఎన్నిక మొదలైంది, ఇక కోర్టు తలదూర్చకూడదు అంటారు. అంతా అయ్యాక ఎలక్షన్ పిటిషన్ వేసుకోమంటారు. గ్రామ పంచాయతీ విషయంలో ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు సివిల్ జడ్జి దగ్గర ఆ పిటిషన్ వేయాలి. అది వాయిదాల మీద నడుస్తుండగానే, 30 నెలల అధ్యక్ష పదవి అనుభవించినవాడు దిగిపోయి ఇంకొకరు ఎక్కేస్తారు. తర్వాత వచ్చే తీర్పుతో ఆ ఊరికి ఒరిగేదేమిటి?

ఎన్నికలను అడ్డుకునే జోక్యం వేరు, ఎన్నికలు జరిపించే జోక్యం వేరు. కోవిడ్ పేరుతో ఆగిన గ్రామ పంచాయతీ ఎన్నికలకు మూడు వారాల్లో షెడ్యూల్ ఇవ్వాలని 2020 నవంబరులో ఇదే హైకోర్టు ఆదేశించింది. డిసెంబరు 22, 27 తేదీల్లో పోలింగ్ జరిగిపోయింది. కోర్టు గట్టిగా పట్టుకుంటే నెలన్నరలో అయ్యే పని ఇది.

వెనుకబడిన వర్గాల రిజర్వేషన్ తేలాలి కదా అనే వాదన ఒకటి ఉంది. మేము దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆ వర్గాలకు ఊరి పాలనలో చోటు దక్కాల్సిందే. 2010లో కె. కృష్ణమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ రిజర్వేషన్‌ను సమర్థించింది. దానికి తాజా లెక్కలు ఉండాలనీ, మొత్తం 50 శాతం దాటకూడదనీ చెప్పింది. 2021లో మహారాష్ట్ర కేసులో మూడు షరతులు పెట్టింది. కర్ణాటకలో జస్టిస్ భక్తవత్సల కమిటీ 2022 జులైలోనే నివేదిక ఇచ్చింది. నివేదిక చేతికొచ్చి ఇన్నేళ్లయ్యాక అదే సాకు చెప్పడం, ఎవరి పేరు చెప్పి వాయిదా వేస్తున్నారో ఆ వర్గాలకే అన్యాయం చేయడం. ఎన్నికే లేనప్పుడు బీసీకైనా, దళితుడికైనా, సగం స్థానాలు దక్కాల్సిన మహిళకైనా మిగిలేది సున్నా.

మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఇందులో ఆదర్శమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఏప్రిల్‌లో ఆర్డినెన్స్ తెచ్చి ఎన్నికల కమిషనర్‌నే పదవి నుంచి దింపారు. మే నెలాఖరులో హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిస్తే, కోర్టు ఆదేశాల తర్వాత 2025 డిసెంబరులో గానీ ఎన్నికలు జరగలేదు. కానీ కర్ణాటక నుంచి ఇంకాస్త ఎక్కువ ఆశించడం తప్పు కాదు. రాజ్యాంగంలో 73వ సవరణ రావడానికి ముందే, అప్పటి పంచాయతీ రాజ్ మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్ చొరవతో 1983 చట్టం చేసి, 1987లో జిల్లా పరిషత్తులకు, మండల పంచాయతీలకు ఎన్నికలు జరిపిన రాష్ట్రం ఇది. గ్రామ స్వరాజ్ పేరుతో చట్టాన్ని తిరగరాయడానికి దారి చూపిన కమిటీకి అధ్యక్షత వహించింది కూడా కోలారు జిల్లా శ్రీనివాసపుర ఎమ్మెల్యేగా ఉన్న రమేశ్ కుమార్.

నష్టం కాగితం మీదే ఆగిపోదు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు నిలిచిపోతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ లేడని, బడి గదుల పైకప్పు కారుతోందని చెప్పుకోవడానికి ఊరివాళ్లు బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోవాలి. అక్కడ అధికారి మీటింగ్‌లో ఉంటాడు. అతనికి వీళ్ల ఓటుతో పని లేదు.

2020లో ఎన్నికైన గ్రామ పంచాయతీల గడువు కూడా 2026 మొదటికి నిండే లెక్క. పైరెండు అంచెలకు పట్టిన గతి గ్రామ పంచాయతీలకూ పడితే, ఈ రాష్ట్రంలో పల్లె ఓటరుకు అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు తప్ప ఇంకేమీ మిగలదు. హద్దులు, రిజర్వేషన్ల అధికారాన్ని శాసనసభ చట్టం ద్వారానే ఎన్నికల సంఘానికి తిరిగి ఇచ్చేయాలి. గడువు ముగియడానికి ఆరు నెలల ముందే తుది జాబితా రాకపోతే పాత హద్దులతోనే పోలింగ్ జరగాలని అదే చట్టంలో రాయాలి. పంచాయతీ ఎలక్షన్ పిటిషన్లను ఆరు నెలల్లో తేల్చేలా హైకోర్టు కింది కోర్టులను ఆదేశించాలి. జిల్లా, తాలూకా పంచాయతీల పోలింగ్ తేదీని మాత్రం ఇవేవీ పూర్తయ్యేదాకా ఆపకూడదు, సురేశ్ మహాజన్ తీర్పు ప్రకారం దాన్ని ప్రకటించడానికి ఇప్పుడున్న హద్దులు చాలు.