గోడ గట్టిదే, పగిలింది పైపు

2007 ఆగస్టు మొదటి వారంలో ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో ఒక రైతు పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చింది. పరీక్షిస్తే దొరికిన వైరస్ అప్పట్లో బయట ఎక్కడా తిరుగుతున్నది కాదు. 1967లో సేకరించినప్పటి నుంచి ప్రయోగశాలల్లో, వ్యాక్సిన్ తయారీలో వాడుతూ వచ్చిన రకం. ఆ పొలానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పిర్‌బ్రైట్ ఉంది. ఆ వైరస్ మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ, దానికి వ్యాక్సిన్ తయారు చేసే ప్రైవేటు కంపెనీ అక్కడ ఒకే ఆవరణలో ఉండేవి. పశువ్యాధుల విషయంలో బ్రిటన్‌లో అన్నిటికన్నా కట్టుదిట్టమైన రక్షణ స్థాయి ఉన్న చోటు అది. లోపలికి వెళ్లాలంటే బట్టలు మార్చుకోవాలి, బయటికి రావాలంటే స్నానం చెయ్యాలి, గాలి కూడా ఫిల్టర్ దాటే బయటికి పోవాలి.

ఇన్ని కాపలాలున్నా వైరస్‌కు దారి దొరికింది. చాలావరకు భూమిలో ఉన్న పాత డ్రైనేజీ పైపుల ద్వారానే బయటపడి ఉంటుందని దర్యాప్తు చేసినవాళ్లు తేల్చారు. ల్యాబ్ నుంచి చివరి శుద్ధి ట్యాంకు దాకా వెళ్లే ఆ పైపులు పగుళ్లిచ్చాయి. చెట్ల వేళ్లు లోపలికి చొచ్చుకుపోయాయి. మ్యాన్‌హోళ్లు సరిగా మూసి లేవు. ఆ జూలైలో వానలు దంచికొట్టాయి. నీరు పైకి తన్నింది, చుట్టూ మట్టి తడిసింది, అక్కడ నిర్మాణ పనులకు వచ్చిన వాహనాల టైర్లు ఆ మట్టిని రోడ్డు మీదికి మోసుకెళ్లాయి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకోటి ఉంది. పైపులు పాడయ్యాయని అక్కడివాళ్లకు ముందే తెలుసు. బాగుచేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న చర్చ నడుస్తూ ఉండగానే వైరస్ బయటికి వెళ్లిపోయింది. చివరికి ఎనిమిది చోట్ల వ్యాధి బయటపడింది.

ప్రమాదకర క్రిములు బయటికి పోకుండా కట్టే హై కంటెయిన్‌మెంట్ ల్యాబ్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది గాలి గొట్టం తగిలించుకున్న తెల్ల సూట్, మందపాటి స్టీలు తలుపు. ప్రారంభోత్సవాల్లో ఫొటోలు వాటికే తీస్తారు, బడ్జెట్ కూడా వాటికే దొరుకుతుంది. ప్రమాదాల చరిత్ర తిరగేస్తే మాత్రం కనిపించేవి పైపులు, ఫిల్టర్లు, గడువు తేదీలు, లాగ్‌బుక్‌లు, ఫ్రీజర్ అడుగు అరలు. రోజూ చేసే, ఎవరికీ పేరు తేని పనులన్నమాట. ఈ పనులకు డబ్బు, మనుషులు, గౌరవం దక్కనంత కాలం ఎంత ఖరీదైన ల్యాబ్ కట్టినా చుట్టుపక్కల జనానికి రక్షణ ఉన్నట్టు కాదని నా అభిప్రాయం.

2019లో చైనాలోని లాన్‌జౌలో జరిగింది చూడండి. పశువుల నుంచి మనుషులకూ సోకే బ్రూసెల్లోసిస్ అనే జబ్బుకు పశువుల వ్యాక్సిన్ తయారుచేసే ఫ్యాక్టరీ అది. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ గడువు తీరిన క్రిమిసంహారక మందు వాడారు. బయటికి వదిలే గాలిలో బ్యాక్టీరియా పూర్తిగా చావలేదు. గాలివాటుకు అది పక్కనున్న పశువైద్య పరిశోధన సంస్థ మీదికి, ఆ చుట్టుపక్కలకు చేరింది. ఇన్ఫెక్షన్ సోకినట్టు తేలినవాళ్ల సంఖ్య పదివేలు దాటింది. అది అత్యధిక రక్షణ స్థాయి ఉండే బీఎస్ఎల్-4 ల్యాబ్ కాదు, క్రిమి కూడా అంత ప్రాణాంతకమైనది కాదు. కారణం మాత్రం డబ్బా మీద ముద్రించి ఉండే ఒక తేదీ. ఆ తేదీ చూడాల్సిన మనిషి ఎవరు? ఆయన మీద ఉన్న పనిభారం ఎంత? కొత్త డబ్బా కావాలని అడిగితే ఎన్నాళ్లకు వస్తుంది? క్రిమి పొరపాటున బయటపడకుండా చూసే బయోసేఫ్టీ ఈ ప్రశ్నల దగ్గర మొదలవుతుంది.

ఒక బయోసేఫ్టీ ల్యాబ్‌లో ఆటోక్లేవ్ గది దగ్గర కాసేపు నిలబడితే నేను చెప్పేది ఇంకా బాగా అర్థమవుతుంది. రోజంతా వాడిన గ్లౌజులు, ప్లేట్లు, ట్యూబులు సంచుల్లో అక్కడికి వస్తాయి. 121 డిగ్రీల ఆవిరిలో ఉడికించి, అన్నీ చచ్చాయనుకున్నాక పారేస్తారు. సంచి మీద అంటించిన టేపు మీద నల్ల చారలు వస్తే పని అయినట్టే అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ చారలు చెప్పేది సంచి పైభాగం వేడెక్కిందని మాత్రమే. సంచిని కుక్కి కుక్కి నింపితే మధ్యలో గాలి చిక్కుకుంటుంది, ఆవిరి అక్కడికి చేరదు. మిషన్ ఇచ్చే ప్రింటౌట్‌లో 121 అనే ఉంటుంది, సంచి నడుమ మాత్రం క్రిమి బతికే ఉండొచ్చు.

అందుకే వేడికి ఒక పట్టాన చావని ఒక బ్యాక్టీరియా బీజాలు ఉన్న చిన్న సీసాను సంచి నడిబొడ్డున పెట్టి, ఉడికించాక బయటికి తీసి, ఇంక్యుబేటర్‌లో ఉంచి చూస్తారు. సీసాలోని ద్రవం ఊదా రంగులోనే ఉంటే బీజాలు చచ్చినట్టు, పసుపుకు మారితే బతికున్నట్టు. ఒకటి రెండు రోజులు ఆగాలి. ఈ పరీక్ష రాకెట్ సైన్స్ ఏమీ కాదు. కానీ పని ఒత్తిడి పెరిగినప్పుడు, మనుషులు తగ్గినప్పుడు, మొట్టమొదట వాయిదా పడేది ఇదే. వాయిదా పడ్డ రోజు ఏమీ జరగదు, మర్నాడూ ఏమీ జరగదు. అసలు చిక్కంతా అక్కడే.

'చచ్చిందనుకున్నాం' అన్న మాట ఈ చరిత్రలో పదేపదే వినిపిస్తుంది. 2004లో బీజింగ్‌లోని ఒక వైరాలజీ సంస్థలో సార్స్ సోకిన ఇద్దరు ఆ వైరస్‌తో నేరుగా పనిచేస్తున్నవాళ్లు కారు. వైరస్‌ను నిర్వీర్యం చేశామనుకుని మామూలు ల్యాబ్‌లోకి తెచ్చారు, అది నిజంగా చచ్చిందో లేదో సరిగా తేల్చుకోలేదు. ఆ ఇద్దరిలో ఒక విద్యార్థినికి దగ్గరుండి సేవ చేసిన ఆమె తల్లి చనిపోయింది. మొత్తం తొమ్మిది మందికి సోకింది. పదేళ్ల తర్వాత, 2014 జూన్‌లో, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలోనూ ఇదే జరిగింది. ఆంత్రాక్స్ బ్యాక్టీరియాను రసాయనంతో చంపామనుకున్నారు. 24 గంటలు చూసి, ప్లేట్లలో ఏమీ పెరగలేదని శాంపిళ్లను తక్కువ రక్షణ ఉన్న ల్యాబ్‌లకు పంపారు. పారెయ్యకుండా ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయిన ప్లేట్లలో కొన్ని రోజుల తర్వాత బ్యాక్టీరియా పెరిగి కనిపించింది. దాదాపు 80 మంది సిబ్బంది మందులు వాడుతూ టెన్షన్‌తో గడపాల్సి వచ్చింది. ఎవరికీ జబ్బు రాకపోవడం అదృష్టం. మరుసటి ఏడాది అమెరికా సైన్యానికి చెందిన డగ్‌వే కేంద్రం విషయం బయటపడింది. రేడియేషన్‌తో చంపామనుకున్న ఆంత్రాక్స్‌ను అక్కడి నుంచి పదేళ్లకు పైగా బతికుండగానే ఇతర ల్యాబ్‌లకు పార్సిల్ చేశారు.

ఇక రెండో విషయం. సేఫ్టీ అన్నా సెక్యూరిటీ అన్నా తెలుగులో మనం భద్రత అనే అంటాం. ఈ రంగంలో అవి రెండు వేర్వేరు పనులు. క్రిమి పొరపాటున మనిషికి అంటకుండా చూడటం బయోసేఫ్టీ. మనిషి కావాలని క్రిమిని ఎత్తుకుపోకుండా, దుర్వినియోగం చెయ్యకుండా చూడటం బయోసెక్యూరిటీ. రెండూ ఒకే గదిలో ఉంటాయి కానీ ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డం పడతాయి. లోపల ఏ క్రిమి ఉందో తలుపు మీద రాయమంటుంది సేఫ్టీ, మంటలార్పడానికి వచ్చినవాళ్లకు తెలియాలి కదా. రాయొద్దంటుంది సెక్యూరిటీ. ప్రమాదం జరిగితే తలుపు వెంటనే తెరుచుకోవాలి, మామూలు రోజుల్లో ఎవరికి పడితే వాళ్లకు తెరుచుకోకూడదు.

సెక్యూరిటీ అక్కర్లేదని ఎవరూ అనలేరు. 1995లో అమెరికాలో ల్యారీ వేన్ హారిస్ అనే వ్యక్తి ప్లేగు బ్యాక్టీరియాను ఒక కల్చర్ బ్యాంకు (పరిశోధన కోసం క్రిములను నిల్వ ఉంచి పంపే సంస్థ) నుంచి పోస్టులో తెప్పించుకున్నాడు. అప్పటికి అలాంటి క్రిమిని దగ్గర పెట్టుకోవడం అక్కడ నేరమే కాదు, మోసం కేసు పెట్టి శిక్షించాల్సి వచ్చింది. ప్రమాదకర క్రిముల బదిలీ మీద చట్టం ఆ తర్వాతే వచ్చింది. 2001లో ఆంత్రాక్స్ బీజాలు పెట్టి పోస్టు చేసిన ఉత్తరాలు ఐదుగురిని చంపాయి, 17 మందిని జబ్బుపడేశాయి. వాటిని పంపింది సైనిక ల్యాబ్‌లో ఆంత్రాక్స్ వ్యాక్సిన్ మీద పనిచేసిన బ్రూస్ ఐవిన్స్ అని ఎఫ్‌బీఐ నిర్ధారించింది. కేసు కోర్టుకు వెళ్లకముందే 2008లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. శాస్త్రీయ ఆధారాలు మాత్రమే చూస్తే అంత కచ్చితంగా చెప్పలేమని తర్వాత అమెరికా శాస్త్రవేత్తల అకాడమీ కమిటీ అంది. ఏదేమైనా కంచె ఎంత ఎత్తు కట్టినా లోపలివాళ్లను ఆపదన్న సంగతి మాత్రం అందరికీ తెలిసొచ్చింది.

నా భయం వేరే చోట ఉంది. సెక్యూరిటీ పేరుతో వచ్చే గోప్యత సేఫ్టీని మింగేస్తుంది. దీనికి స్వెర్డ్‌లోవ్‌స్క్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1979 ఏప్రిల్‌లో ఆ సోవియట్ నగరంలోని సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ బీజాలు గాలిలోకి వెళ్లాయి. కనీసం 66 మంది చనిపోయారు. మూసుకుపోయిన ఫిల్టర్‌ను ఒక షిఫ్టువాళ్లు తీసేశారని, ఆ సంగతి లాగ్‌బుక్‌లో ఎక్కక తర్వాతి షిఫ్టువాళ్లు మిషన్లు నడిపేశారని, సోవియట్ జీవాయుధ కార్యక్రమంలో పెద్ద హోదాలో పనిచేసిన కెన్ అలిబెక్ తర్వాత చెప్పారు. అది తప్పు. దాని తర్వాత జరిగింది అంతకన్నా ఘోరం. కలుషిత మాంసం తిని జబ్బుపడ్డారని ప్రభుత్వం ప్రకటించింది. జనం ఏం పీల్చారో వైద్యం చేస్తున్న డాక్టర్లకు కూడా చెప్పలేదు. ఆస్పత్రి రికార్డులను సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ పట్టుకుపోయింది. ఫైనా అబ్రమోవా, లెవ్ గ్రిన్‌బర్గ్ అనే ఇద్దరు పాథాలజిస్టులు శవపరీక్షల్లో తీసిన కణజాలాన్ని, తమ నోట్సును ఏళ్ల తరబడి దాచి ఉంచబట్టి, చనిపోయినవాళ్లు ఆంత్రాక్స్‌ను పీల్చారని 1990ల్లో లోకానికి తెలిసింది.

దీని పక్కన 2009 నాటి హాంబర్గ్ ఘటన పెట్టి చూడండి. బీఎస్ఎల్-4 ల్యాబ్‌లో పనిచేస్తున్న ఒక పరిశోధకురాలికి ఎబోలా ఉన్న సూది మూడు పొరల గ్లౌజులు దాటి గుచ్చుకుంది. ఆమె వెంటనే చెప్పింది. వేర్వేరు దేశాల నిపుణులు ఫోన్ల మీద మాట్లాడుకున్నారు. అప్పటిదాకా మనుషుల మీద వాడని ప్రయోగాత్మక వ్యాక్సిన్ కెనడా నుంచి విమానంలో వచ్చింది, సుమారు రెండు రోజుల్లోపే ఇచ్చారు. ఆమె బతికింది. వ్యాక్సిన్ వల్ల బతికిందా, అసలు వైరస్ ఎక్కలేదా అన్నది వేరే సంగతి. ఆమె నోరు తెరిచి చెప్పగలిగింది, చెప్పినందుకు ఎవరూ ఆమెను దోషిగా నిలబెట్టలేదు. సూది గుచ్చుకున్న క్షణంలో ఒక జూనియర్ మనసులో మెదిలేది 'నా ఉద్యోగం పోతుందా' అన్న భయమే అయితే, ఆ ల్యాబ్‌లో ఎన్ని ఫిల్టర్లు పెట్టి ఏం లాభం?

కెనడా ఈ విషయంలో మంచి దారి చూపించింది. 2015 డిసెంబరు నుంచి అక్కడ లైసెన్సు ఉన్న ల్యాబ్‌లు క్రిమి అంటిన సంఘటనలను ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాలి. ల్యాబ్ పేరు, మనిషి పేరు లేకుండా ఏటా ఆ లెక్కలు అచ్చవుతాయి. ఎస్ఓపీ (పనికి రాసి పెట్టిన పద్ధతి) పాటించకపోవడం, సూదులు గుచ్చుకోవడం లాంటి మామూలు సంగతులే వాటిలో ఏటా కనిపిస్తాయి. చాలా దేశాల్లో ఈ మాత్రం కూడా లేదు. ప్రపంచమంతటికీ వర్తించే తప్పనిసరి రిపోర్టింగ్ అసలే లేదు. 1975లో అమల్లోకి వచ్చిన జీవాయుధ నిషేధ ఒప్పందానికి తనిఖీ వ్యవస్థ ఇప్పటికీ ఏర్పడలేదు, ఆ చర్చలు 2001లోనే తెగిపోయాయి. కోవిడ్ ఎక్కడి నుంచి వచ్చిందన్న గొడవ ఇంకా తేలలేదు. ఆ గొడవలో పడి ల్యాబ్‌ల రోజువారీ నిర్వహణ గురించి మాట్లాడేవాళ్లు తగ్గిపోవడం నాకు చాలా బాధగా ఉంది.

ల్యాబ్‌లే వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. కొత్త వైరస్ వస్తే దాన్ని గుర్తించాలన్నా, వ్యాక్సిన్ పరీక్షించాలన్నా ఇవి కావాలి. కానీ ఇవి వేగంగా పెరుగుతున్నాయి. 2023లో వేసిన ఒక లెక్క ప్రకారం పనిచేస్తున్న బీఎస్ఎల్-4 ల్యాబ్‌లు 51, కడుతున్నవీ కట్టబోతున్నవీ కూడా కలిపితే మొత్తం 69. కట్టడానికి ఒకసారి డబ్బు దొరుకుతుంది. పదిహేనో ఏట ఫిల్టర్లు మార్చడానికి, పైపులు తవ్వి చూడటానికి ఏ పద్దు కింద దొరుకుతుంది? అమెరికా సైన్యపు ఫోర్ట్ డెట్రిక్ ల్యాబ్‌లో 2018 మేలో వరద వచ్చి వ్యర్థజలాన్ని ఆవిరితో శుద్ధి చేసే ప్లాంటు పాడైంది. బదులుగా పెట్టిన రసాయన పద్ధతిలో లోపాలు కనిపించి, మరుసటి ఏడాది జూలైలో అక్కడి పరిశోధనను ఆపించారు. డబ్బున్న దేశంలోనే ఇలా ఉంది.

ఫ్రీజర్ సంగతి కూడా అంతే. 2014 జూలై 1న అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఆవరణలో ఒక కోల్డ్ రూమ్ ఖాళీ చేస్తుంటే అట్టపెట్టెలో మశూచి వైరస్ పేరు రాసి ఉన్న ఆరు సీసాలు దొరికాయి. 1954 నాటివి. మశూచి వైరస్‌ను ప్రపంచంలో రెండే రెండు చోట్ల ఉంచాలని దేశాలన్నీ ఒప్పుకున్న తర్వాత కూడా దశాబ్దాల పాటు అవి అక్కడే ఉన్నాయి. పరీక్షిస్తే రెండు సీసాల్లో వైరస్ ఇంకా బతికే ఉంది. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ దాచిపెట్టలేదు. పెట్టినవాళ్లు వెళ్లిపోయారు, తర్వాత వచ్చినవాళ్లు పెట్టె తెరిచి లెక్క చూసుకోలేదు.

లైసెన్సు ఇచ్చేవాళ్లు సూట్లు, తలుపులు చూడటంతో ఆగకుండా మురుగు పైపుల మ్యాపు అడగాలి. ఆ పైపులను చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో, వచ్చే పదేళ్ల మెయింటెనెన్స్ డబ్బు ఎక్కడ ఉందో కాగితం మీద చూపించమనాలి. ప్లంబర్‌ను, ఆటోక్లేవ్ ఆపరేటర్‌ను, ఫ్రీజర్ జాబితా రాసే అసిస్టెంట్‌ను విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. పోయిన వారం సీసా పసుపుకు మారిందా, మారితే ఎవరికి చెప్పారు, చెప్పాక ఏం జరిగింది అని వాళ్లను అడగాలి.