సవరణ: పెద్ద కాయిల్ అన్నిటికీ మేలు కాదు

మెటల్ డిటెక్టర్ ఎంపికపై ఇంతకుముందు రాసినదానిలో ‘కాయిల్ ఎంత పెద్దదైతే అంత లోతు, కాబట్టి పెద్దదే తీసుకోండి’ అన్న మాటకు సవరణ ఇది. కాయిల్ అంటే డిటెక్టర్ కడ్డీ చివర ఉండే, నేల మీద ఆడించే తీగచుట్ట పళ్లెం. పెద్దదాని అదనపు లోతు ప్రధానంగా పెద్ద వస్తువులకే దక్కుతుంది. సన్నని గొలుసు, చెవి దుద్దు లాంటివి పెద్ద కాయిల్‌కు తేలిగ్గా అందవు. మేకులు, సీసా మూతలు నిండిన నేలలో ఇంకా ఇబ్బంది: నాలుగైదు లోహపు ముక్కలు ఒకేసారి కాయిల్ కిందికి వస్తాయి, ఇనుము మోతలో నాణెం జాడ కలిసిపోతుంది. అక్కడ 15 సెంటీమీటర్ల చిన్న కాయిలే నయం.

చెత్తను వడకట్టే అమరిక గురించి కూడా ఒక మాట. అల్యూమినియం రేకును వదిలేయమంటే యంత్రం సన్నని బంగారు ఉంగరాన్నీ వదిలేస్తుంది. తెర మీద రెండింటికీ ఇంచుమించు ఒకే అంకె పడుతుంది. ఉంగరాలు కావాలంటే రేకులు తవ్వక తప్పదు, విసుగే అయినా!

ఇక ఫ్రీక్వెన్సీ, అంటే కాయిల్ పంపే తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది. దీనిపై ఒక్క మాట: ఉప్పునీటితో తడిసిన ఇసుకలో ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రాలు ఊరికే కూస్తాయి. అక్కడికి బహుళ ఫ్రీక్వెన్సీ లేదా పల్స్ ఇండక్షన్ (కరెంటును విడివిడి తునకలుగా పంపి, తిరిగి వచ్చే జాడను చూసే) రకం కావాలి. రెండోదానికి ఇనుమును వేరుచేసే నేర్పు తక్కువ.