మా టేబుల్ మీది లష్కరు గారికి ఒక అర్జీ

వేదాయపాళెం, నెల్లూరు.

మహారాజశ్రీ డాకింగ్ స్టేషన్ గారి సముఖానికి,

మేడ మీద గదిలో కూర్చుని చెన్నై ఆఫీసు పని చేసుకునే ఒక సాఫ్ట్‌వేర్ గుమాస్తా నమస్కరించి రాసుకునే అర్జీ ఇది. తమరు మా ఇంట్లో పాదం మోపి 14 నెలలైంది. ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నాను. మొన్న మంగళవారం జరిగిందాని తర్వాత ఇంక ఉండబట్టలేదు.

మీ పేరు విన్న రోజే మా నాయన అనుమానపడ్డాడు. "స్టేషన్లు నాకు తెలిసినవి రెండే అబ్బయా. ఒకటి రైలుది, ఒకటి పోలీసులది. రెండిట్లోనూ పని తొందరగా తెమలదు" అన్నాడు. ఇది ఆ స్టేషన్ కాదు నాయనా, ల్యాప్‌టాప్‌కి మానిటర్లూ కీబోర్డూ చార్జింగూ అన్నీ కలిపే చిన్న పెట్టె, కృష్ణపట్నంలో ఓడలు వచ్చి ఆగుతాయే, అట్లాంటిది, దీనికి పోర్టులు కూడా ఉంటాయి, ల్యాప్‌టాప్ అనే ఓడ వచ్చి ఆగితే ఒకే ఒక్క వైరుతో సరుకంతా ఎక్కుతుంది, దిగుతుంది అని వివరించాను. "రేవులో చోటు దొరికిందాకా ఓడ సముద్రంలోనే లంగరేసుకోని ఉండాలంట గదా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. ఆ నవ్వుకి ఇప్పుడు వడ్డీతో సహా కడుతున్నాను.

మా నాయన సంగతి మీకు తెలియాలి. నీటిపారుదల శాఖలో లష్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. కనుపూరు కాలువ మీద తూము షట్టర్లు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. ఎవరి కయ్యకి ఎప్పుడు నీళ్ళొస్తాయో ఆయనకీ దేవుడికీ తెలిసేది. ఇప్పుడా ఉద్యోగం మా టేబుల్ మీద తమరు వెలగబెడుతున్నారు. కాకపోతే మా నాయన్ని గట్టు మీద నిలబడి అరిచి అడిగితే తిరిగి అరిచి జవాబైనా చెప్పేవాడు. మీ దగ్గర ఉన్నది ఒక్క తెల్ల లైటు. మానిటర్లు వెలుగుతున్నా అది వెలుగుతుంది, ఆరిపోయినా అది వెలుగుతుంది.

మీరు రాకముందు నాకు అయిదు వైర్లు ఉండేవి. చార్జరుకొకటి, మానిటర్లకి రెండు, కీబోర్డుకొకటి, నెట్టుకొకటి. పొద్దున్నే అయిదూ గుచ్చేవాణ్ణి, సాయంత్రం అయిదూ పీకేవాణ్ణి. ఏది పనిచేయకపోతే దాన్ని తిట్టేవాణ్ణి. ఆ సుఖం అప్పుడు తెలియలేదు. ఇప్పుడు ఏది ఆగినా అన్నిటికీ మీరే. మీ అడాప్టర్ ఇటుకంత ఉంటుంది, మీకంటే అదే బరువు. గోడలోంచి 120 వాట్లు తీసుకుని ల్యాప్‌టాప్‌కి 85 పెడతారు. మిగతా 35 సాదిల్వారు ఖర్చుల కింద రాసుకున్నాను. చలికాలం మా పిల్లి మీ మీదే పడుకుంటుంది కాబట్టి ఆ ఖర్చుని పూర్తిగా వృథా అనలేను.

అసలు ఫిర్యాదు నీళ్ళ పంపకం గురించి. ల్యాప్‌టాప్ నుంచి మీ దాకా వచ్చే ఆ ఒక్క వైరులో వేగంగా పారే పిల్లకాలువలు నాలుగు. నాలుగూ బొమ్మకే వదిలితే మానిటర్లు పచ్చగా ఉంటాయి. కానీ మీకు పెన్‌డ్రైవ్‌లూ హార్డ్‌డిస్కులూ కూడా వేగంగా నడపాలని ఆశ. అందుకని రెండు కాలువలు డేటాకి మళ్ళించి, బొమ్మకి రెండే మిగిల్చారు. 4కె తెర అంటే 83 లక్షల చుక్కలు. వాటిని సెకనుకి 60 సార్లు గీయాలంటే దాదాపు 12 గిగాబిట్లు పారాలి. మీ పాత కాలం రెండు కాలువల్లో పారేది ఎనిమిదిన్నర చిల్లర. దాంతో తమరేం చేశారు? నాతో ఒక్క మాట చెప్పకుండా 60ని 30 చేశారు.

30 అంటే ఏంటో మీకు తెలియదు, మీకు కళ్ళు లేవు. ల్యాప్‌టాప్ తెర మీద మౌస్ బాణం పాదరసంలా జారుతుంది. అంచు దాటి పెద్ద మానిటర్లో కాలు పెట్టగానే దమ్ము చేసిన కయ్యలో దిగినట్టు అయిపోతుంది. అడుగు తీసి అడుగు వేస్తుంది. నేను బటన్ మీదికి పోతాను, బాణం నా వెనకాల వస్తుంది. కోడ్ పైకి జరిపితే అక్షరాలు ముందు చెదిరి, తర్వాత కూడుకుంటాయి. మొదట్లో కళ్ళజోడు నంబరు మారిందనుకుని డాక్టరు దగ్గరికి కూడా పోయాను. కళ్ళు బాగున్నాయన్నాడు. ఫీజు మాత్రం తీసుకున్నాడు.

సెట్టింగుల్లో చూస్తే 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు, అనే అంకె జాబితాలోనే లేదు. మానిటర్ వైరు గుచ్చే మీ హెచ్‌డీఎంఐ పోర్టు మీద అనుమానం వచ్చింది. అది 2009 నాటి 1.4 రకం అయితే 4కెకి 30 దగ్గరే ఆగుతుంది, 2013లో వచ్చిన 2.0 అయితే 60 ఇస్తుంది. చూడ్డానికి రెండూ అచ్చు కవలలు. మీదీ 2.0యే అని తేలాక ఆ దారీ మూసుకుపోయింది.

ఇదంతా మొదటి మానిటర్ కథ. రెండో మానిటర్‌ది చివరి ఆయకట్టు. మొదటిది తాగగా మిగిలిన తడి దానికి వస్తుంది. కొన్నాళ్ళు 1024×768 చుక్కల పాత కొలతలో వెలిగింది. అందరి మొహాలూ అప్పడాల్లా సాగి కనిపించాయి. మా మేనేజర్ని ఆ వెడల్పులో చూసి నవ్వాపుకోలేక కెమెరా ఆపేశాను. నాయన చూసి, "వంతులు పెట్టరాదా? ఎడగారు పంటకి నీళ్ళు చాలనప్పుడు మేము అదే చేసేవాళ్ళం" అన్నాడు. పెట్టాను. మొదటిదాన్ని 4కె నుంచి దించితే రెండోది మనిషి మొహం మనిషి మొహంలా చూపిస్తోంది. పెద్ద రైతుకి కోత వేస్తేగాని చిన్న రైతుకి తడి అందలేదని నాయన సంతోషపడ్డాడు. 4కె మానిటర్‌కి ఈఎంఐ కడుతున్నవాణ్ణి నేను కాబట్టి నాకంత సంతోషం కలగలేదు.

రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, విదేశీ రొట్టె అని పిలిచి మరీ ఇస్తారు. ఈసారి నీళ్ళలో దిగి 60 హెర్ట్జ్ రొట్టె ఎవరి దగ్గరుందో అడుగుదామని ఉంది. కోరిక తీరినవాళ్ళే గదా రొట్టె ఇచ్చేది. ఒక్కడైనా ఉంటాడా అన్నదే నా బెంగ.

కరెంటు పోయినప్పుడు చూడాలి తమరి వైభోగం. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, మీకు లేదు. రెండు మానిటర్లూ ఆరిపోగానే వాటిలోని కిటికీలన్నీ తుఫాను షెల్టర్‌కి పరిగెత్తిన జనంలాగా ఆ 14 అంగుళాల తెర మీద పడతాయి. ఎక్సెల్ మీద మెయిలు, మెయిలు మీద మీటింగు, వాటికింద ఎక్కడో నలిగిపోతూ నేను రాస్తున్న కోడు. పది నిమిషాలకి కరెంటొస్తుంది. తుఫాను తగ్గిందని చెప్పినా సగం జనం షెల్టర్ వదిలిపోరు. ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని వాళ్ళ ఇంట్లో దించి రావాలి.

చెన్నై ఆఫీసులో మీ దాయాదులు బల్లకొకరు ఉన్నారు. అక్కడ రెండు మానిటర్లూ సరిగ్గా వెలిగే బల్ల ఏదో అందరికీ తెలుసు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు దాని మీద పొద్దున్నే ఎవడిదో నీళ్ళ సీసా ఉంటుంది.

ఇక మంగళవారం. తొమ్మిదిన్నరకి మీటింగు. వైరు గుచ్చాను. కీబోర్డు పలికింది, మౌస్ కదిలింది, చార్జింగు ఎక్కుతోంది. మానిటర్లు రెండూ నల్లగా ఉన్నాయి. మిమ్మల్ని పీకి, 30 సెకన్లు లెక్కపెట్టి మళ్ళీ పెట్టాను. రీస్టార్ట్ చేశాను. డ్రైవర్ మార్చాను. మీ ఫర్మ్‌వేర్ కూడా కొత్తది ఎక్కించాను, ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి. ఆఫీసు హెల్ప్‌డెస్క్ కుర్రాడు "సార్, ఒకసారి పీకి పెట్టండి" అన్నాడు. పెట్టానన్నాను. "ఇంకోసారి పెట్టండి సార్" అన్నాడు. ఈ మధ్యలో నా నోటి వెంట తమరిని ఉద్దేశించి వచ్చిన మాటలు అర్జీలో రాయదగినవి కావు.

నాయన కాఫీ గ్లాసుతో పైకొచ్చాడు. కాసేపు చూశాడు. "కీబోర్డు పనిచేస్తుండాది. చార్జింగు ఎక్కతుండాది. అంటే షట్టరు తెరిచే ఉండాది, తలకాడ నీళ్ళుండాయి. నువ్వు షట్టరు కాడ కూర్చోని షట్టర్నే కొడతన్నావు. కాలవ ఎంబడి నడిచి చూసినావా?" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, టేబుల్ వెనక చెయ్యి పెట్టి, వైరుని వేళ్ళతో తడుముకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చాడు. గట్టు మీద నడిచే మనిషిలాగే, మధ్యమధ్యలో ఆగి. "ఇది ఇంత సన్నగా ఎప్పుడైంది రా?" అన్నాడు.

అది మా అమ్మ ఫోను చార్జర్ వైరు.

కొసలు రెండూ అదే యూఎస్‌బీ-సి, 2014 నుంచి ఉన్న ఆకారమే. సరైన వైరులో 24 పిన్నుల వెనక వేగం కాలువలన్నీ ఉంటాయి. చార్జింగుకిచ్చే చవక వైర్లలో వాటిని వెయ్యరు. కరెంటు పారుతుంది, కీబోర్డూ మౌసూ నడిచే 480 మెగాబిట్ల పాత బోదె ఒకటి ఉంటుంది, అంతే. బొమ్మ పారడానికి దారే లేదు. పైకి అందరిదీ ఒకే చొక్కా, ఎవరి జేబులో ఏముందో ఆ దేవుడికెరుక.

అమ్మని అడిగితే, "నీ లావు వైరుతో అయితే తొందరగా ఎక్కుద్దేమోనని తీసుకున్నా. దాని బదులు ఇది పెట్టినా గదా, ఊరికే తీసుకోలా" అంది. తప్పు పట్టడానికి వీల్లేని లెక్క.

కాబట్టి మంగళవారం నాటి తిట్లు మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. 60 హెర్ట్జ్, తుఫాను షెల్టర్, చివరి ఆయకట్టు మీద ఫిర్యాదులు యథాతథంగా ఉన్నాయి. తమరు దయతలచి విచారించవలెను.

ఇట్లు,
తమరి చివరి ఆయకట్టు రైతు

తా.క. ఇది రాస్తుండగానే రెండు మానిటర్లూ ఆరిపోయాయి. కింద వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపిస్తోంది, అక్కతో ఫోన్లో మాట్లాడుతోంది. చార్జింగు ఇప్పుడు బలే ఎక్కుతోందట.