రిమైండర్ అమ్మకి, మార్కులు పిల్లకి

రాత్రి 9 గంటల 47 నిమిషాలు. విశాఖ మద్దిలపాలెంలో మా ఇంట్లో అన్నాలు అయిపోయాయి, గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి. మా ఆవిడ ఫోన్ టింగుమంది. ‘డియర్ పేరెంట్స్, కైండ్ రిమైండర్. ఇంగ్లిష్ అసైన్‌మెంట్, ఫార్మల్ లెటర్, టు బి సబ్మిటెడ్ టుమారో. కైండ్లీ ఎన్‌ష్యూర్ యువర్ వార్డ్ కంప్లీట్స్ ఇట్.’ ఆ వెనకే వరసగా ‘నోటెడ్ మ్యామ్’లు, దండాల బొమ్మలు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అప్పటికే దుప్పటి కప్పుకుంది. లేపి అడిగితే కళ్లు నులుముకుంటూ ‘లెటరా? ఎవరికి?’ అంది.

ఆ లెటర్ సంగతి పొద్దున్న క్లాసులో చెప్పారు. బోర్డు మూల రాశారు కూడా. మా పిల్ల వినలేదు, రాసుకోలేదు. ఎందుకు రాసుకోవాలి? రాత్రికి అమ్మ ఫోన్‌కి ఎలాగూ వస్తుంది. నన్నడిగితే తనది బద్ధకం కాదు, లెక్క తెలిసిన పని.

అందుకే సూటిగా చెబుతున్నాను. హైస్కూల్ పిల్లల అసైన్‌మెంట్లకి తల్లిదండ్రుల ఫోన్లకి రిమైండర్లు పంపడం ఆపేయాలి. రాత్రి ఎనిమిది దాటాక వద్దనో, వారానికి రెండే అనో బేరాలు కాదు, మొత్తానికే ఆపేయాలి. ఒకటో తరగతి వాడి సంగతి వేరు, వాడికి పంపండి. పద్నాలుగేళ్ల పిల్లకి రేపేం తీసుకెళ్లాలో వాళ్లమ్మకి చెప్పడం ఏం పద్ధతి?

ఈ అలవాటు ఎక్కడ పట్టుకుందో అందరికీ తెలుసు. 2020 మార్చిలో బళ్లు మూతపడినప్పుడు వాట్సాప్ గ్రూపు తప్ప దారి లేదు. తర్వాత బళ్లు తెరిచారు గానీ గ్రూపులు మూయలేదు. మీడియం గొడవలోకి నేను దిగను. ప్రభుత్వ బళ్లలో ఇంగ్లిష్ మీడియం పెట్టమంటూ 2019లో జీవో 81 రావడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేయడం, ఆ తర్వాత జరిగిన రభస అంతా మీకు తెలిసిందే. ఏ మీడియం అయినా ఇంగ్లిష్ పీరియడ్ ఇంగ్లిష్ పీరియడే, నా గోల దాని గురించే.

టీచర్ల వైపు నుంచి ఒక మాట ఉంది, అది అబద్ధం కాదు. ఇంగ్లిష్ టీచర్‌కి నాలుగైదు సెక్షన్లు, సెక్షన్‌కి నలభై మంది పైనే. అసైన్‌మెంట్ రాకపోతే మేనేజ్‌మెంట్ ఆవిడనే అడుగుతుంది. ‘మాకు ముందే ఎందుకు చెప్పలేదు’ అని మీటింగులో నిలదీసేది మళ్లీ మనమే. స్టీల్‌ప్లాంట్‌లో బి షిఫ్టుకి వెళ్లే తండ్రి పిల్లాడు నిద్రపోయాక గానీ ఇంటికి చేరడు. ఆ మెసేజ్ ఒక్కటే అతనికి బడితో మిగిలిన సంబంధం కావచ్చు. ఒప్పుకుంటాను. అలాంటప్పుడు నెలకోసారి పిల్లాడు ఎలా చదువుతున్నాడో రాయండి. రేపటి హోంవర్క్ ఏమిటో మాత్రం పిల్లాడి పని.

ఇందులో అసలు నష్టం క్రమశిక్షణది కాదు, ఇంగ్లిష్‌ది. ఈ సంగతి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ఇంగ్లిష్ పీరియడ్‌లో పిల్లల ముందుకొచ్చే ఇంగ్లిష్ దాదాపు అంతా ఉత్తుత్తిదే. ఎప్పుడూ చూడని ఊళ్లోని ఎప్పుడూ చూడని మనుషుల పాఠం. లేని కలెక్టర్‌కి లేని వీధి దీపాల గురించి లెటర్. ఇద్దరు స్నేహితులు ఎక్కడా మాట్లాడుకోని సంభాషణ. అర్థం కాకపోయినా కొంపేం మునగదు, గైడులో జవాబు ఉంటుంది. ఆ గంట మొత్తంలో నిజంగా పనికొచ్చే ఇంగ్లిష్ ఒక్కటే, బోర్డు మూల రాసే ఆ రెండు లైన్లు. ‘ఫ్రైడే లోపు ఫెయిర్ నోట్స్‌లో రాసి తేవాలి, వంద పదాలు దాటకూడదు.’ అది సరిగ్గా చదవకపోతే శుక్రవారం నిలబెడతారు. వంద అన్నది కనిపెట్టకపోతే రెండు పేజీలు రాసి చేయి నొప్పెట్టించుకుంటారు. ‘బై ఫ్రైడే’కీ ‘ఆన్ ఫ్రైడే’కీ తేడా వ్యాకరణం పుస్తకంలో పది అభ్యాసాలు చేసినా ఎక్కదు, ఒక్కసారి గడువు దాటి తిట్లు తింటే జన్మలో మరిచిపోరు. భాష అవసరం కొద్దీ వస్తుంది. ఆ ఒక్క అవసరాన్నీ తీసుకెళ్లి అమ్మ ఫోన్‌లో వేశాం. ఇప్పుడు మా ఇంట్లో రోజూ ఇంగ్లిష్ చదివి, అర్థం చేసుకుని, జవాబు రాస్తున్నది మా ఆవిడే. ‘నోటెడ్ మ్యామ్’ ఆవిడకి బాగా వచ్చేసింది.

అసైన్‌మెంట్ ఎలా తయారవుతోందో కూడా చూడండి. టీచర్ గ్రూపులో పెడుతుంది. అమ్మ చదివి తెలుగులో చెబుతుంది. అక్కో బాబాయో ఫోన్‌లో చాట్‌జీపీటీని అడుగుతారు. అది వడ్డించిన విస్తరిలా ఇస్తుంది. పది దాటాక పిల్ల కళ్లు మూతలు పడుతూ దాన్ని ఫెయిర్ నోట్స్‌లోకి ఎక్కిస్తుంది. ఇన్ని చేతులు మారాక పిల్ల చేతికి మిగిలింది దస్తూరి ఒక్కటే. ఏడాది పొడవునా పిల్లల్ని అంచనా వేసే సీసీఈ పద్ధతి పెట్టినప్పుడు ఒక్కో ఎఫ్‌ఏకి, అంటే మధ్యమధ్యలో జరిపే మదింపుకి, 50 మార్కులు, అందులో 20 రాత పరీక్షకి, మిగతా 30 పుస్తకం చదివి స్పందించినందుకు, రాతపనికి, ప్రాజెక్టుకి అన్నారు. ఆలోచన మంచిదే. ఆ 30 ఇళ్లలో ఎవరికి పడేవో ద్వారకానగర్ నెట్ సెంటర్లలో కలర్ ప్రింట్ల కోసం రాత్రిపూట నిలబడ్డ తండ్రులని అడగండి.

ఇంట్లో ఇంగ్లిష్ చదివేవాళ్లు ఉంటే కథ ఇది. లేకపోతే ఇంకా అన్యాయం. పెదజాలారిపేటలో నాకు తెలిసిన ఒకామె తెల్లవారకముందే హార్బర్‌కి వెళ్తుంది. వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి, మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరుతుంది. రాత్రి ఏడున్నరకే కన్నంటుకుపోతుంది. ఆమె ఫోన్‌కీ అదే ‘కైండ్ రిమైండర్’ వస్తుంది. పక్కింటి పిల్లని పిలిచి, ‘ఏటంట? మళ్లీ డబ్బులేటైనా కట్టమంటన్నారేటి?’ అని అడుగుతుంది. ‘యువర్ వార్డ్’ అంటే తన కొడుకేనని ఆమెకి ఎవరు చెబుతారు? తెల్లారి వాడు అసైన్‌మెంట్ తేకపోతే ‘గ్రూపులో పెట్టాం కదా, మీ ఇంట్లో చూడరా’ అంటారు. చదువు భారం బడి నుంచి ఇంటికి మారితే, ఇల్లు ఎలాంటిదైతే చదువూ అలాంటిదే అవుతుంది.

ఆ పిల్లాడి నోటుపుస్తకం చూశాను. ‘ఎ విజిట్ టు ది బీచ్’ అని ఒక వ్యాసం. బంగారు రంగు ఇసుక, చల్లని గాలి, కుటుంబంతో పిక్నిక్, ఐస్‌క్రీమ్. అచ్చం గైడులోది. ఎర్ర ఇంకుతో ‘గుడ్’ అని కూడా ఉంది. ఆ పిల్లాడు సముద్రానికి ‘విజిట్’కి వెళ్లడు, వాడి ఇల్లే అక్కడ. వాళ్ల నాన్న వేటకెళ్తాడు. కోనాం చేప వలలో ఎప్పుడు పడుతుందో, చందువకి ఎంత రేటు పలుకుతుందో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో ఇల్లెలా నడుస్తుందో వాడికి తెలిసినంత ఆ గైడు రాసినవాడికి తెలియదు. అయినా వ్యాసంలో వాడు టూరిస్టు. ‘మా నాన్న వల తీసేసరికి తెల్లారింది’ అన్న ఒక్క వాక్యాన్ని తప్పుల తడక ఇంగ్లిష్‌లో రాసి ఉంటే, ఆ పుస్తకంలో మొదటి ఇంగ్లిష్ వాక్యం అదే అయ్యేది.

ఇది కొత్త గొడవేం కాదు, మన విశాఖపట్నంలో పుట్టిన పాత గొడవే. 1907 నాటికి జె.ఎ. యేట్స్ అనే దొర ఉత్తర జిల్లాల బళ్లకి ఇన్‌స్పెక్టర్. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బళ్లో పిల్లల చేత రాయించే తెలుగు ఇంకొకటి ఎందుకయిందని ఆయనకి సందేహం వచ్చింది. ఇక్కడి మిసెస్ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే ఆయన గిడుగు రామమూర్తిని, గురజాడ అప్పారావుని చూపించాడు. ఆ నలుగురితో మొదలైందే వ్యావహారిక భాషోద్యమం. మనం దాన్ని సాహిత్య చరిత్రలో వేసి, గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29న దండలేసి చేతులు దులుపుకుంటాం. పుట్టింది మాత్రం తరగతి గదిలో, పిల్లాడి కాంపోజిషన్ పుస్తకం మీద. పిల్లాడు తనది కాని మాటలు ఎందుకు రాయాలన్నదే వాళ్ల ప్రశ్న. 1912-13లో స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని కావ్యభాషలోనైనా వాడుక భాషలోనైనా రాసుకోవచ్చని బోర్డు ఉత్తర్వు ఇస్తే పండితలోకం గగ్గోలు పెట్టింది. జయంతి రామయ్య పంతులు లాంటి పెద్దలు ఎదురు నిలబడ్డారు. ఒక పరీక్ష వ్యాసం కోసం అంత యుద్ధం జరిగింది!

అప్పుడు అడ్డొచ్చింది గ్రాంథికం. ఇప్పుడు గ్రాంథికం స్థానంలో గైడు, దాని వెనక చాట్‌జీపీటీ, వాటిని ఇంటికి మోసుకొచ్చే బంట్రోతుగా రిమైండర్. ‘ఐ హావ్ ది ఆనర్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్’ అని మొదలుపెట్టే తొమ్మిదో తరగతి పిల్లకీ, అర్థం తెలియని సమాసం బట్టీపట్టిన ఆనాటి పిల్లాడికీ నాకు పెద్ద తేడా కనిపించదు. తెలుగులో ఆ యుద్ధం గెలిచాం కాబట్టే నేను ఈ వ్యాసం ఇలా రాయగలుగుతున్నాను. ఇంగ్లిష్‌కి వచ్చేసరికి మళ్లీ మొదటికొచ్చాం. పదో తరగతిలో 35 వస్తే పాసే కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు.

టీచర్లకి నా మనవి చిన్నది. అసైన్‌మెంట్ బోర్డు మీద రాయండి, పిల్లల చేత రాయించుకోండి, రెండు నిమిషాలు వాళ్లు ఒకరి డైరీ ఒకరు చూసుకునేలా చేయండి. అర్థం కానివాడు అక్కడే అడగాలి. మరిచిపోతే మార్కు పోవాలి. ఒక మార్కు పోతే ఏమవుతుంది?

మా ఇంట్లో నేను అదే చేశాను. గ్రూపుని మ్యూట్ చేయించాను, మా ఆవిడ మొదట ఒప్పుకోలేదు. అమ్మాయికి పాత డైరీ ఒకటి ఇచ్చాను. మొదటి వారం రెండు అసైన్‌మెంట్లు ఎగిరిపోయాయి, ఇంట్లో నాకు మూడు రోజులు మాటల్లేవు. రెండో వారం డైరీ తీసి చూస్తే ఒక పేజీలో ఇలా ఉంది: ‘ఫ్రైడే సబ్మిట్. లెటర్. టు ఎడిటర్ ఆర్ కమిషనర్? ఆస్క్ మిస్.’ సబ్మిట్‌లో ఒక ‘టి’ ఎక్కువ పడింది, దాని జోలికి పోలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చాక అడిగాను, కనుక్కున్నావా అని. కనుక్కుందట.

‘ఇంగ్లిష్‌లోనే అడిగావా?’

‘సగం’ అంది.